టేపుకెక్కని మాటలు

ఎల్రాయ్ క్రౌడర్ చేతి బొటనవేలిని మెచ్చుకుంటూ ఒసాకా నుంచి ఒక పళ్ళ డాక్టరు నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. ఎల్రాయ్ దానికి అద్దం కట్టించి మెట్ల పక్క గోడకు తగిలించుకున్నాడు. పిట్స్‌బర్గ్‌లో, మా హిల్ పేటలో, గోడల మీద పెళ్ళి ఫొటోలుంటాయి, పాస్టరుగారి ఫొటోలుంటాయి, యుద్ధానికి వెళ్ళిన కొడుకుల ఫొటోలుంటాయి. బొటనవేలికి యోగ్యతాపత్రం తగిలించిన ఇల్లు మాత్రం అదొక్కటే.

ఆ వేలి గొప్ప తెలియాలంటే ముందు క్లీటస్ హేర్‌స్టన్ సంగతి చెప్పాలి. క్లీట్ అనేవాళ్ళం. వారమంతా సామాన్ల లారీ తోలేవాడు. శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా వైలీ అవెన్యూలోని పీకాక్ బార్‌లో గిటార్ వాయించేవాడు. జాజ్ వాయించేవాళ్ళకు మా పేటలో ఏనాడూ కరువు లేదు. అయినా క్లీట్ గిటార్ లాంటిది ఇంకొకటి లేదు. ఆరు తీగల్లో అన్నిటికన్నా సన్నదాన్ని పీకేసి, మూడో తీగ పలికే స్వరాన్నే పలికే ఇంకో తీగ దాని చోట కట్టాడు. దాన్ని పిసరంత దించి శ్రుతి చేసేవాడు. రెండూ కలిపి మీటితే, అక్కాచెల్లెళ్ళిద్దరు ఒకరిమీద ఒకరు అలిగి కూడా ఒకే పాట పాడుతున్నట్టుండేది. సంగీతం బడిలో చదువుకున్న కుర్రాళ్ళు వచ్చి ఇది తప్పు అన్నారు. మరుసటి వారం మళ్ళీ వచ్చారు. ఆపై వారం ముందు వరసలో కుర్చీ కోసం కొట్టుకున్నారు.

ఎల్రాయ్ బస్సుల డిపోలో కరెంటు పని చేసేవాడు. దీపాలు, గంటలు, వైర్లు. ముప్పై ఒక్కేళ్ళు అదే పని. తనంతట తాను మాట్లాడేవాడు కాదు, కదిలించినా రెండు మాటలకు మించేవాడు కాదు. ఇరవై ఎనిమిదో ఏట, 1958లో, మొదటిసారి క్లీట్ వాయిస్తుంటే విన్నాడు. సోమవారం డిపోలో అందరికీ చెప్పాలనుకున్నాడు. ఎలా చెప్పాలో తెలియలేదు. నెల తిరిగేసరికి సూట్‌కేసంత టేప్ రికార్డర్ మోసుకుంటూ పీకాక్ బార్‌లోకి వచ్చాడు. చెప్పడం చేతకానివాడు వినిపించడానికి సిద్ధపడ్డాడన్నమాట.

అప్పటినుంచి ఇరవై ఆరేళ్ళు, బార్ మూతపడేదాకా, వంటగది తలుపు పక్క బల్ల అతనిదే. మైకును బల్ల మీది దీపానికి కట్టేవాడు. చెవులకు హెడ్‌ఫోన్లు, చెవి మీద పెన్సిల్, ఆపే మీట మీద బొటనవేలు. రీలు ఒక వైపు పట్టేది ముప్పై రెండు నిమిషాలే. క్లీట్ ఎంతసేపు వాయించేవాడో అంతసేపు మాట్లాడేవాడు. పాటకూ పాటకూ మధ్య గిటార్ ఒళ్ళో పడుకోబెట్టుకుని కబుర్లు మొదలెట్టేవాడు. జనం కడుపులు పట్టుకునేవారు. ఎల్రాయ్‌కి మాత్రం టేపు దండగ అవుతుందని గుండె కొట్టుకునేది. అందుకని పాట ఆఖరి స్వరం ఆరిపోయాక, చప్పట్లు మొదలయ్యేలోపు, మీట నొక్కేసేవాడు. ఆ సందు రెప్పపాటు కూడా ఉండదు. ఎప్పుడూ తప్పేవాడు కాదు. క్లీట్ మాట్లాడుతున్నంతసేపూ తల వంచుకుని డబ్బా మీద తేదీ, పాట పేరు, ఆ రోజు పక్కన మంద్రస్వరాల బేస్ వాయించిందెవరు, తీగ ఎంత దించాడు, ఇవన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకునేవాడు. క్లీట్ మళ్ళీ తీగల మీద చెయ్యి వేసి ఊపిరి పీల్చగానే వేలు లేచేది.

తను మాత్రం చప్పట్లు కొట్టేవాడు కాదు. మైకుకు అంత దగ్గర కూర్చున్నవాడు కొడితే ఇంకేమైనా ఉందా?

ఆ టేపులకు నకళ్ళు తీసి పంపడం మొదలుపెట్టాడు. నువ్వు ఒకటి పంపితే నేను ఒకటి పంపుతాను అనే లెక్కన ప్రపంచమంతా తిరిగే బేరం అది. ఒసాకా, కోపెన్‌హేగెన్, మన కళ్ళతో మనం చూడని ఊళ్ళన్నిటికీ క్లీట్ గిటార్ వెళ్ళింది. ఆ లోకంలో 'క్రౌడర్ టేపు' అంటే కడిగిన ముత్యం. దగ్గు లేదు, గ్లాసుల చప్పుడు లేదు, వాగుడు లేదు. అన్నిటికన్నా పేరుపడ్డది అరవై ఎనిమిది నాటి రీలు. ఆ ఏప్రిల్‌లో అల్లర్లు చెలరేగి హిల్ తగలబడింది. మూడు వారాల తర్వాత, అద్దాలు పోయిన కిటికీలకు చెక్కలు కొట్టి, బార్ తెరిచారు. ఆ రోజు క్లీట్ ఒకే పాట ఇరవై రెండు నిమిషాలు వాయించాడు. పదమూడో నిమిషంలో ఆ జోడు తీగ జారి శ్రుతి దిగిపోయింది. ఇంకెవరైనా అయితే ఆపి బిగించుకునేవాడు. క్లీట్ ఆపలేదు. జారినదాన్ని పట్టుకుని, మిగతా పాటనంతా దాని దగ్గరికి దించుకుపోయాడు. పళ్ళ డాక్టరు ఉత్తరంలో రెండు పేజీలు ఆ పదమూడో నిమిషం గురించే.

ఆదివారం చర్చి అయ్యాక ఎల్రాయ్ ఇంటి నేలమాళిగలో నలుగురైదుగురు చేరి ఆ టేపులు వినేవారు. మంగలి పెర్సీ కచ్చితంగా ఉండేవాడు. మంచి చోటు రాబోతుంటే వేలెత్తి, "ఇదిగో, ఇదిగో, ఇప్పుడు చంపుతాడు చూడండి" అనేవాడు. అందరూ కళ్ళు మూసుకుని చచ్చిపోవడానికి సిద్ధపడేవారు. ఎల్రాయ్ భార్య బెర్నీస్ పైనుంచి కేకేసేది: "భోజనం చల్లారిపోతోంది! ఆ క్లీట్‌గాడి మాటే నీకు వేదం, నా మాట చెవికెక్కదు కదా!"

పాపం, బెర్నీస్ ఎనభై మూడులో పోయింది. క్లీట్ మాట కూడా తన మొగుడి చెవికి ఎక్కలేదని ఆవిడకు చివరిదాకా తెలియదు.

*

97 మార్చిలో ఒక గురువారం పొద్దున, క్లీట్ భార్య వెర్నా పౌండ్ కేకు పట్టుకుని ఎల్రాయ్ ఇంటికి వచ్చింది. క్లీట్‌కి పక్షవాతం వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పడిపోయింది. ఎదుటివాళ్ళు చెప్పేది అర్థమవుతుంది గానీ, పలకాలంటే రాదు, రాయాలంటే అక్షరాలు గుర్తులేవు. ఆసుపత్రిలో ఉండగా ఎల్రాయ్ ఒక్కసారి వెళ్ళాడు. దుప్పటి మీద చచ్చుబడి పడి ఉన్న ఆ కుడి చెయ్యిని చూసి, కూర్చోకుండానే తిరిగొచ్చేశాడు. ఆ తర్వాత వెళ్ళలేదు.

"క్లీట్ ఎలా ఉన్నాడక్కా?" అన్నాడు తలుపు దగ్గరే.

"వచ్చి చూస్తే తెలిసేది."

ఎల్రాయ్ తల దించుకున్నాడు.

"తిట్టడానికి రాలేదులే. కూర్చో. నీ ఇంట్లో నిన్ను నేను కూర్చోమనాలా?" అని ఆవిడే కత్తి వెతుక్కుని కేకు కోసింది. కోసి, ముక్క అతని ముందు పెట్టి, తను తినకుండా కూర్చుంది.

వెర్నా నలభై ఏళ్ళు జుట్టు సవరించే దుకాణం నడిపింది. పీకాక్ బార్‌కి మూడు వీధుల అవతలే. కానీ ఒక్క శనివారం కూడా మొగుడి వాయింపు వినడానికి వెళ్ళలేదు. మా ఆడవాళ్ళు ఆదివారం చర్చికి వెళ్ళాలంటే శనివారం తల చేయించుకోవాల్సిందే. పొద్దున ఏడు నుంచి రాత్రి దాకా దుకాణంలో వరస కట్టేవారు. హిల్‌లో ఉన్న తలలన్నీ ఆ రోజు వెర్నా చేతికిందే ఉండేవి.

"నీ దగ్గర అవన్నీ ఉన్నాయటగా, పీకాక్‌వి," అంది.

"నాలుగు వందల పన్నెండు రీళ్ళు. అన్నీ ఉన్నాయి."

"నాకు పాటలొద్దు. పాటలు ఇంట్లో చాలానే విన్నాను. వాడు మాట్లాడింది కావాలి."

ఎల్రాయ్ కేకు నమలడం ఆపాడు.

"నా దుకాణంలో కూర్చున్న ప్రతి ఆడదీ అదే మాట," అంది వెర్నా. "'పోయిన శనివారం క్లీట్ నీ గురించి ఏమన్నాడో తెలుసా వెర్నా?' అంటుంది, చెప్పేలోపే పడీపడీ నవ్వుతుంది. నా చేతిలోనేమో జుట్టు సాపుచేసే, పొగలుకక్కే ఇనప దువ్వెన. 'కదలకే తల్లీ, చెవి కాలుద్ది' అనడానికే సరిపోయేది నాకు. ఏమన్నాడో అడిగే తీరికెక్కడ? ఇంటికొచ్చి వాణ్ణి అడిగితే 'వచ్చి విను' అనేవాడు. అంతే. వాడు ఇంట్లో ఎలా ఉంటాడో నీకు తెలీదు ఎల్రాయ్. రోజుకి పది మాటలు మాట్లాడితే పండగ. 'ఉప్పు', 'తలుపెయ్', 'పడుకుంటున్నా'. అదీ వరస. ఊరందరికీ మాటలన్నీ పంచిపెట్టేసి నా దగ్గరికి ఖాళీ చేతుల్తో వచ్చేవాడు."

"బార్‌కి వచ్చినవాళ్ళని అడక్కపోయావా?"

"అడక్కుండా ఉంటానా? బతికి ఉన్నదే ఆరుగురు. 'అబ్బ, ఎంత నవ్వించేవాడో!' అంటారు. ఏమని నవ్వించాడే అంటే బుర్ర గోక్కుంటారు. ఒకతి నా టోపీల గురించంది. ఇంకొకతి కాదు, వాడి అమ్మ గురించంది." వెర్నా బల్లమీద పడిన పొడిని వేలితో ఒక పక్కకు చేర్చింది. "నన్ను ఎగతాళి చేశాడో, ముద్దు చేశాడో నాకు తెలీదు. నలభై మూడేళ్ళు కాపురం చేశాను, అయినా తెలీదు. పక్షవాతం ఇంకోసారి వస్తే మనిషి దక్కడని డాక్టరన్నాడు. వాడుండగా తెలుసుకోవాలని ఉంది. ఎగతాళైనా పర్లేదు. తెలిస్తే చాలు."

ఎల్రాయ్ ఏ మాత్రం ఆలోచించలేదు. "నాలుగు వందల రీళ్ళక్కా. ఎక్కడో ఒకచోట ఉండకపోదు. వచ్చే ఆదివారానికి తెస్తాను," అన్నాడు. ఆవిడ వెళ్ళాక కేకు ఇంకో ముక్క తిన్నాడు. తన టేపులు క్లీట్ ఇంటికే పనికొస్తున్నాయని లోపల గర్వంగా కూడా ఉంది.

*

ఆ గర్వం శుక్రవారం మధ్యాహ్నం దాకా నిలిచింది.

పాటలన్నీ వినక్కర్లేదు, పాట ముగిసే చోట వింటే చాలు. మొదటి డబ్బా తీసి, ముందుకు తిప్పి, చివరి స్వరం విన్నాడు. స్వరం ఆరిపోయింది. టక్. ఊపిరి. తర్వాతి పాట. రెండో డబ్బా. స్వరం, టక్, ఊపిరి, పాట. సాయంత్రానికి పదిహేడు రీళ్ళయ్యాయి. పదిహేడింటిలోనూ తన వేలు ఎక్కడా జారలేదు. మొదట్లో కొత్త కదా, తప్పులు చేసే ఉంటానని 58 నాటివి తీశాడు. అప్పుడూ తప్పు చేయలేదు. వయసు మీద పడ్డాక మందగించి ఉంటానని 84 నాటివి తీశాడు. అప్పుడూ మందగించలేదు.

ఆదివారం వెర్నాకి ఫోన్ చేసి, ఇంకో వారం పడుతుందన్నాడు. ఆ వారం తర్వాత ఇంకో వారం అన్నాడు.

"ఏం తొందరలేదులే," అంది ఆవిడ. తొందరుందని ఇద్దరికీ తెలుసు.

అరవై ఎనిమిది రీలు కూడా పెట్టాడు. ఆ ఇరవై రెండు నిమిషాలకు ముందు క్లీట్ చాలాసేపు మాట్లాడాడని ఎల్రాయ్‌కి గుర్తుంది. బార్ అంతా నిశ్శబ్దమైపోయిందని గుర్తుంది. ఒక ఆడమనిషి ఏడ్చిందని కూడా గుర్తుంది. ఏమన్నాడో మాత్రం గుర్తులేదు. ఆ సమయంలో తనేం చేస్తున్నాడో డబ్బా మీదే ఉంది. ముత్యాల్లాంటి అక్షరాలతో, పాట పేరు లేదు, బేస్ కొత్త కుర్రాడు, తీగ మామూలుకన్నా ఎక్కువ దించాడు అని.

ఒసాకా పళ్ళ డాక్టరుకి ఉత్తరం రాశాడు. నేను మీకు పంపిన నకళ్ళలో ఎక్కడైనా పొరపాటున హేర్‌స్టన్ గారి మాట పడిందా, దయచేసి చూడండి అని. ఆయన మర్యాదస్తుడు. ఉన్న అరవై టేపులూ విని పదిహేను రోజుల్లో జవాబు పంపాడు. ఒక్క మాట కూడా ఎక్కడా లేదనీ, తమవంటి శుభ్రమైన చేతిపని ఈ రోజుల్లో దొరకదనీ, అందుకు తాను జీవితాంతం రుణపడి ఉంటాననీ రాశాడు. ఎల్రాయ్ ఆ ఉత్తరానికి అద్దం కట్టించలేదు.

పెర్సీ దుకాణానికి వెళ్ళాడు. పెర్సీ ఎవరికో గడ్డం గీస్తున్నాడు.

"ఒరే, శనివారాలు క్లీట్ మాట్లాడేవాడు కదా. వెర్నా గురించి ఏమనేవాడు?"

పెర్సీ కత్తి ఆపి నవ్వడం మొదలెట్టాడు. "ఓరి నాయనో! ఒకసారేమైందంటే..." కళ్ళు పైకెత్తాడు. నవ్వు అలాగే ఉంది, మాట రాలేదు. "ఆగు. ఆ రోజు మనమంతా... నేను కుర్చీలోంచి కింద పడ్డాను, అది గుర్తుంది."

"దేనికి పడ్డావు?"

"దేనికంటే... వెర్నా గురించే. నువ్వు నాకన్నా ముందు కూర్చున్నావుగా, నన్నడుగుతావేంటి?"

"నేను రాసుకుంటున్నాను."

"ఇరవై ఆరేళ్ళూ రాసుకున్నావా?"

గడ్డం నురగతో ఉన్న పెద్దమనిషి అద్దంలోంచి ఎల్రాయ్‌ని జాలిగా చూశాడు.

"ఒరే, నా మాట విను," అన్నాడు పెర్సీ గొంతు తగ్గించి. "ఏదో ఒకటి మంచిది చెప్పెయ్. ముసల్ది సంతోషపడుద్ది. క్లీట్ వచ్చి కాదంటాడా?"

ఎల్రాయ్ కోపంగా బయటికి వచ్చేశాడు. ఆ కోపం పెర్సీ మీద కాదు. ఇన్నేళ్ళూ తను క్లీట్‌కి అందరికన్నా దగ్గరివాణ్ణని అనుకున్నాడు. క్లీట్ ఏ స్వరం దగ్గర ఊపిరి బిగబడతాడో తెలుసు. ఏ వారం కొత్త తీగ వేశాడో తెలుసు. మనిషిగా ఒక్క వాక్యం చెప్పమంటే తెలియదు. వాడి ఊపిరి కూడా నాలుగు వందల డబ్బాల్లో భద్రంగా ఉంది గానీ, వాడు లేడు. రోడ్డు మీద నిలబడి ఎల్రాయ్ ఏడవలేదు గానీ, రెండు బస్సులు తన ముందు ఆగి వెళ్ళిపోతే ఎక్కడం మరిచిపోయాడు.

ఆరో వారంలో దొరికింది. 71 నవంబరు రీలు, రెండో వైపు. ఆ రోజు అతనికి జలుబు. డబ్బా మీద 'జలుబు' అని కూడా రాసుకున్నాడు, మహానుభావుడు. పాట ముగిసింది, వేలు ఆలస్యమైంది, చప్పట్లు పడ్డాయి. ఆ చప్పట్లలోంచి, మైకుకు దూరంగా, బొంగురు గొంతు: "ఇక మా వెర్నా సంగతి చెప్తాను వినండి. పొద్దున్నే లేచి ఏం చేసిందంటే..."

టక్. ఊపిరి. పాట.

ఎల్రాయ్ ఆ నాలుగు సెకన్లూ ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు. ఎన్నిసార్లు విన్నా ఆ చోటుకి వచ్చేసరికి వేలు పడుతూనే ఉంది.

*

ఈస్టర్ తర్వాత వచ్చిన రెండో ఆదివారం, చర్చి విడిచాక, రికార్డర్ మోసుకుంటూ హేర్‌స్టన్ల ఇంటికి వెళ్ళాడు. వెర్నా టోపీ ఇంకా తీయలేదు. క్లీట్ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. కుడి చెయ్యి ఒళ్ళో దిండు మీద ఉంది.

ఎల్రాయ్‌ని చూడగానే క్లీట్ ముఖం విప్పారింది. "బుధవారం!" అన్నాడు.

ఎల్రాయ్ వెర్నా వైపు చూశాడు.

"రెండు వారాలైంది, ఈ ఒక్క మాట వచ్చి," అంది వెర్నా. "అన్నిటికీ ఇదే. ఆకలేసినా బుధవారమే, కోపమొచ్చినా బుధవారమే. వాడి బుర్రలో ఏదో అనుకుంటాడు, నోట్లోంచి ఇదొస్తుంది. ఆదివారం నాడు బుధవారం అంటే చర్చి పిల్లలు నవ్వుతున్నారు."

"బుధవారం," అన్నాడు క్లీట్ సిగ్గుపడుతున్నట్టు.

"అవునయ్యా, తెలుసు, నీ తప్పు కాదు." ఆవిడ అతని మోకాలి మీది దుప్పటి సర్ది ఎల్రాయ్ వైపు తిరిగింది. "దొరికిందా?"

"కొంచెం దొరికిందక్కా. చాలా కొంచెం."

రికార్డర్‌ను బల్ల మీద పెట్టి వైరు తగిలించాడు. వెర్నా టోపీ తీసి, చెవి మీది జుట్టు వెనక్కి నెట్టుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుంది. చప్పట్లు వచ్చాయి. ఆ గొంతు వచ్చింది. క్లీట్ కుర్చీలో ముందుకు వంగాడు. తన గొంతు తను విని ఎనిమిది నెలలు దాటింది.

"ఇక మా వెర్నా సంగతి చెప్తాను వినండి. పొద్దున్నే లేచి ఏం చేసిందంటే..."

టక్.

"ఇంకోసారి పెట్టు," అంది వెర్నా.

పెట్టాడు. మూడోసారి కూడా పెట్టాడు. 'మా వెర్నా' అన్న చోట ఆవిడ పెదవులు కూడా కదిలాయి.

"తర్వాత? ఏం చేశానట నేను?"

ఎల్రాయ్ నిజం చెప్పడానికే వచ్చాడు. దారంతా అదే అనుకున్నాడు. కానీ ఆ ముఖం చూస్తే నోరు ఇంకో దారి పట్టింది.

"అదీ... పొద్దున్నే లేచి నీకు కాఫీ పెట్టిందట అక్కా. అంటే నువ్వు వాడికి. పంచదార అనుకుని ఉప్పు వేశావట. వాడేమో మొత్తం తాగేశాడట. ఎందుకురా తాగావంటే, మా వెర్నా చేతిది కదా, ఉప్పైనా నాకు తీపే అన్నాడు. బార్ అంతా చప్పట్లు కొట్టారు."

వెర్నా ముఖంలో నలభై మూడేళ్ళ నుంచి బిగబట్టిందేదో సడలడం మొదలైంది. "అలా అన్నాడా?" అంటూ క్లీట్ వైపు తిరిగింది.

క్లీట్ తల అడ్డంగా ఊపుతున్నాడు. ఎడమ చేత్తో కుర్చీ చేతిని టపటపా కొట్టాడు. "బుధవారం! బుధవారం!" అరిచినంత పని చేశాడు. ఎల్రాయ్ వైపు చూసిన చూపు, స్టేజీ మీద శ్రుతి తప్పిన బేస్ కుర్రాణ్ణి చూసే చూపు.

"అది కాదా?" అంది వెర్నా.

కాదని ఊపాడు.

వెర్నా మెల్లగా ఎల్రాయ్ వైపు తిరిగింది. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి.

"నాకు తెలీదక్కా," అన్నాడు. "వాడు మాట్లాడుతుంటే ఆపేసేవాణ్ణి. టేపు దండగని. అన్నీ ఆపేశాను. మాట్లాడినప్పుడు డబ్బా మీద రాసుకునేవాణ్ణి. ఆరడుగుల దూరంలో కూర్చుని ఒక్కటీ వినలేదు. నన్ను క్షమించు. క్లీట్, నువ్వూ."

క్లీట్ కాసేపు అతణ్ణే చూశాడు. కోపం దిగిపోయింది. ఎడమ చేత్తో ఆగమన్నట్టు సైగ చేశాడు. కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. గిటార్ లేని ఒడిలో ఎడమ చెయ్యి అడ్డంగా పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"బుధవారం," అని మొదలెట్టాడు.

కథ చెప్తున్నాడు. బుర్రలో కథ మొత్తం ఉన్నట్టుంది. నెమ్మదిగా ఎత్తుకున్నాడు. బుధవారం బుధవారం అంటూ తాపీగా నడిపాడు. ఒకచోట గొంతు సన్నం చేసి ఆడగొంతు పెట్టాడు, అది వెర్నాయే. తర్వాత బొంగురు గొంతు, అది తను. ఇద్దరికీ వాదన జరిగింది. ఆడగొంతు గెలిచింది. ఒకచోట ఆగి, కనుబొమలెత్తి, జనం ఎదురుచూసేంతసేపు చూసి, మళ్ళీ అందుకున్నాడు. ఇరవై ఆరేళ్ళలో ఎల్రాయ్ మొదటిసారి తలెత్తి క్లీట్ మాట్లాడటం చూశాడు. ఎంత బాగా మాట్లాడతాడో! ఏ విరుపు ఎక్కడ వెయ్యాలో, ఎక్కడ ఆపాలో గిటార్ మీద ఎంత తెలుసో ఇక్కడా అంతే తెలుసు. చివరికొచ్చేసరికి గొంతు దించి, వెర్నా వైపు ఓరగా చూస్తూ, ఆఖరి "బుధవారం" వదిలాడు. వదిలి, నవ్వు కోసం ఆగాడు.

నవ్వు రాలేదు. రావడానికి ఆ గదిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. క్లీట్ ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. వెర్నా ముందుకు వంగి అతని ఎడమ చెయ్యి పట్టుకుంది.

"ఎగతాళా, ముద్దా?" అంది. "కథ వద్దు. అదొక్కటి చెప్పు చాలు."

క్లీట్ ఆవిడ ముఖంలోకి చాలాసేపు చూశాడు. కుదురుగా, స్పష్టంగా చెప్పడానికి ఒళ్ళంతా కూడదీసుకున్నాడు.

"బుధవారం," అన్నాడు.

వెర్నా చెయ్యి వదల్లేదు. తల మాత్రం తిప్పి ఎల్రాయ్‌ని అడిగింది. "ఈసారి విన్నావుగా. నీకేం అనిపించింది?"

"తెలీదక్కా," అన్నాడు ఎల్రాయ్.